పండిత సుందర్‌లాల్ గారి జీవితం – ఒక నివేదిక కథ

మన సంఘం ప్రత్యేక సంచికకు ఒక మహనీయుని జీవితచరిత్ర వ్రాయవలసిందిగా కార్యదర్శి గారు కోరారు. గాంధీజీని గురించి, అంబేద్కరు గారిని గురించి, మన జిల్లా పెద్దలను గురించి వ్రాయగల మిత్రులు మనలో చాలామంది ఉన్నారు. అందుచేత నేను ఉత్తరాదిన ఒకప్పుడు చదువుకున్నవారందరికీ తెలిసిన పేరు, మన తెలుగునాట మాత్రం కొద్దిమందికే గుర్తున్న పేరు ఒకటి ఎంచుకున్నాను. ఆయన పండిత సుందర్‌లాల్ గారు. స్వాతంత్ర్య సమరయోధులు, పత్రికా సంపాదకులు, చరిత్ర రచయిత, గాంధేయవాది. ఆయన జీవితానికీ ఆనాటి హైదరాబాదు సంస్థానానికీ 1948లో గట్టి ముడి పడింది. ఆ ముడిని గురించి చెప్పడమే ఈ వ్యాసం ముఖ్యోద్దేశం.

కాగితాల మధ్య జీవితం గడిపినవాళ్ళం మనం. ఒక నివేదిక ఎలా తయారవుతుందో, తయారైన తరువాత దానికి ఏ గతి పడుతుందో మనకు తెలిసినంతగా ఇతరులకు తెలియదు. సుందర్‌లాల్ గారి చేతి మీదుగా వచ్చిన వాటిలో మూడు ముఖ్యమైన కాగితాలున్నాయి. మూడింటినీ ప్రభుత్వాలే జనం కంట పడకుండా చేశాయి. మొదటి రెండింటి విషయంలో ఆ పని చేసింది పరాయి ప్రభుత్వం. మూడవదాని విషయంలో చేసింది స్వతంత్ర భారత ప్రభుత్వం. ఈ మూడు కాగితాల కథే ఒక విధంగా ఆయన జీవితకథ.

బాల్యం, యౌవనం

సుందర్‌లాల్ గారు 1886లో ఉత్తరప్రదేశ్‌లోని ముజఫర్‌నగర్ జిల్లా ఖతౌలీలో జన్మించారు. ఉన్నత విద్య కోసం అలహాబాదు మ్యూర్ కళాశాలలో చేరారు. అది లాలా లజపతిరాయ్, తిలక్ మహాశయుల మాట యువకుల రక్తాన్ని మరిగిస్తున్న కాలం. సుందర్‌లాల్ గారు చదువుతున్న రోజుల్లోనే ఉద్యమంలోకి దూకారు. ఉద్యోగం, వకీలు వృత్తి, స్థిరమైన సంసారం, ఇవన్నీ అందుబాటులో ఉన్నా వాటివైపు చూడలేదు.

1909లో అలహాబాదు నుండి కర్మయోగి అనే హిందీ వారపత్రికను నడిపారు. 1910లో వచ్చిన పత్రికల చట్టం దెబ్బకు ఆ పత్రిక మూతపడింది. ఆ పత్రికలో వ్రాస్తూ ఎదిగినవారిలో గణేశ్ శంకర్ విద్యార్థి ఒకరు. తరువాతి కాలంలో కాన్పూరులో ప్రతాప్ పత్రిక పెట్టి దేశమంతటా పేరు గడించిన విద్యార్థి గారు ఆయనే. ఈ పేరు పాఠకులు గుర్తుంచుకోవాలి. మళ్ళీ దీని అవసరం వస్తుంది.

మొదట విప్లవకారులతో సంబంధాలున్న సుందర్‌లాల్ గారు గాంధీజీ రంగంలోకి వచ్చాక అహింసా మార్గంలోకి వచ్చారు. 1923లో జబల్పూరులో పురపాలక భవనం మీద జాతీయ పతాకం ఎగురవేయడంపై ప్రభుత్వం అభ్యంతరం పెట్టినప్పుడు జరిగిన జెండా సత్యాగ్రహానికి నాయకత్వం వహించి జైలుకు వెళ్ళారు. 1921లో బెజవాడలో మన పింగళి వెంకయ్య గారు గాంధీజీకి జెండా నమూనా సమర్పించిన రెండేళ్ళకే, జెండా కోసం జైలుకు వెళ్ళేవారు దేశంలో తయారయ్యారన్నమాట. జబల్పూరులో మొదలైన ఆ సత్యాగ్రహమే తరువాత నాగపూరుకు పాకింది.

మొదటి కాగితం – నిషేధించిన గ్రంథం

1929లో సుందర్‌లాల్ గారు హిందీలో భారత్ మేఁ అంగ్రేజీ రాజ్ అనే పెద్ద గ్రంథాన్ని ప్రకటించారు. తెలుగులో చెప్పాలంటే భారతదేశంలో ఇంగ్లీషు పాలన. ఈస్టిండియా కంపెనీ మన దేశాన్ని ఎలా ఆక్రమించింది, ఏ ఒప్పందాలను ఎలా తుంగలో తొక్కింది, చేతివృత్తులు ఎలా నాశనమయ్యాయి అన్న విషయాలను ఇంగ్లీషువారి వ్రాతల నుండే ఆధారాలు తీసి చూపించారు. పుస్తకం బయటికి వచ్చిన కొద్ది రోజులకే, ఆ ఏడాది మార్చి నెలలోనే, ప్రభుత్వం నిషేధించింది. అయితే పోలీసులు తలుపు తట్టేసరికే చాలా ప్రతులు పాఠకుల ఇళ్ళకు చేరిపోయాయి. 1937లో కాంగ్రెసు మంత్రివర్గాలు ఏర్పడ్డాక నిషేధం తొలగింది. తరువాత ఎన్నో ముద్రణలు వెలువడ్డాయి.

ఇందులో గుమాస్తా పని చేసినవాడికి తట్టే విషయం ఒకటుంది. కాగితం ఆయుష్షు దాని ప్రతుల సంఖ్యలో ఉంటుంది. నలుగురి చేతుల్లోకి వెళ్ళిన కాగితాన్ని ఎవరూ చంపలేరు. ఒకే బీరువాలో ఉన్న కాగితాన్ని చంపడానికి తాళంచెవి చాలు.

రెండవ కాగితం – కాన్పూరు నివేదిక

1931 మార్చి 23న భగత్‌సింగ్, రాజగురు, సుఖదేవ్‌లను ఉరితీశారు. ఆ వార్తతో కాన్పూరులో హర్తాళ్ మొదలై, హిందూ ముస్లిం కొట్లాటగా మారింది. వందలమంది చనిపోయారు. రెండు మతాలవారినీ కాపాడుతూ వీధివీధి తిరిగిన గణేశ్ శంకర్ విద్యార్థి గారు మార్చి 25న అల్లరి మూకల చేతిలో హతులయ్యారు. ఆ రోజుల్లోనే కరాచీలో కాంగ్రెసు మహాసభ జరుగుతున్నది. అక్కడ ఒక విచారణ సంఘాన్ని వేశారు. కాశీకి చెందిన డాక్టరు భగవాన్‌దాస్ గారు అధ్యక్షులు. సుందర్‌లాల్ గారు కార్యదర్శి.

తన పత్రికలో వ్రాసిన యువకుడు, తన తమ్ముడివంటివాడు చనిపోయిన ఊరికి వెళ్ళి, చంపిన వర్గంవారినీ చచ్చిన వర్గంవారినీ ఒకే బల్ల ముందు కూర్చోబెట్టి మాట్లాడించడం మామూలు మనిషికి సాధ్యమయ్యే పని కాదు. సుందర్‌లాల్ గారు ఆ పని చేశారు. ఏ ఒక్క మతానికీ నేరం అంటగట్టని నివేదిక అది. రెండు మతాలవారూ ఈ దేశంలో కొన్ని వందల ఏళ్ళు ఎలా కలిసి బతికారో, ఆ కలయిక ఎప్పుడు, ఎవరి ప్రయోజనాల కోసం చెడిందో ఆ నివేదిక విడమరిచి చెప్పింది. అల్లర్లు జరుగుతుంటే అధికారులు చేతులు ముడుచుకున్న వైనాన్నీ వదలలేదు. ప్రభుత్వం ఆ నివేదికనూ నిషేధించింది. చదవదలచినవారికి అది మళ్ళీ పుస్తకంగా దొరకడానికి 1976 దాకా ఆగవలసి వచ్చింది.

హైదరాబాదు నేపథ్యం

మూడవ కాగితం దగ్గరికి వచ్చే ముందు నేపథ్యం కొంచెం చెప్పాలి. మన అనంతపురం, బళ్ళారి, కడప, కర్నూలు ప్రాంతాలు కూడా ఒకప్పుడు నిజాం చేతిలోనివే. 1800లో ఆయన కంపెనీవారికి ధారాదత్తం చేశారు. అందుకే మనవి దత్తమండలాలయ్యాయి. మిగిలిన హైదరాబాదు సంస్థానంలో 1948 నాటికి పదహారు జిల్లాలుండేవి. తెలుగు జిల్లాలు, మరాఠీ జిల్లాలు, కన్నడ జిల్లాలు కలిసిన రాజ్యం. ప్రజల్లో అత్యధికులు హిందువులు, ప్రభువు ముస్లిం.

1947 ఆగస్టులో దేశానికి స్వాతంత్ర్యం వచ్చినా నిజాం భారతదేశంలో చేరలేదు. నవంబరు 29న యథాతథ ఒడంబడిక మాత్రం కుదిరింది. ఈలోగా లాతూరులో వకీలుగా ఉండిన కాశిం రజ్వీ నాయకత్వాన రజాకార్లు అనే సాయుధ దళాలు పల్లెలమీద పడ్డాయి. దోపిడీలు, ఇళ్ళు తగలబెట్టడం, స్త్రీలపై అత్యాచారాలు, హత్యలు నిత్యకృత్యమయ్యాయి. పరకాల, బైరాన్‌పల్లి వంటి గ్రామాల పేర్లు తెలంగాణ పెద్దలు నేటికీ కన్నీళ్ళతో తలుచుకుంటారు. వేలాదిమంది ప్రాణాలు అరచేత పట్టుకుని సరిహద్దు దాటి మద్రాసు రాష్ట్రంలోకి, బొంబాయి రాష్ట్రంలోకి వచ్చారు. రజాకార్లను ధిక్కరించి వ్రాసిన ఇమ్రోజ్ పత్రిక సంపాదకుడు షోయబుల్లాఖాన్‌ను 1948 ఆగస్టులో హైదరాబాదులోనే నరికి చంపారు. ఆయన ముస్లిమే. ఈ సంగతి మరువరాదు.

1948 సెప్టెంబరు 13న భారత సైన్యం షోలాపూరు వైపు నుండి, బెజవాడ వైపు నుండి, మనకు దగ్గరలోని హోస్పేట వైపు నుండి కూడా సంస్థానంలో ప్రవేశించింది. అయిదు రోజుల్లో పని పూర్తయింది. దానికి పోలీసు చర్య అని పేరు. మేజర్ జనరల్ జె.ఎన్. చౌధురి సైనిక గవర్నరు అయ్యారు. దేశమంతా సంబరపడింది. సంబరపడవలసిన విషయమే. ఒక నిరంకుశ పాలన అంతమైంది.

అయితే ఆ సంబరం చాటున మరొకటి జరిగింది. రజాకార్లు పారిపోయారు, దొరికినవారు జైళ్ళకు వెళ్ళారు. వారు చేసిన పాపానికి పల్లెల్లో మిగిలిన సామాన్య ముస్లింలు బలయ్యారు. దూదేకులవాళ్ళు, నేతగాళ్ళు, చిన్న ఉద్యోగులు, చిల్లర వ్యాపారులు, వాళ్ళ ఆడవాళ్ళు, పిల్లలు. ఆ వార్తలు ఢిల్లీకి చేరాయి. ప్రధాని నెహ్రూ గారికి ఆందోళన కలిగింది. నిజమేమిటో చూసి, రెండు మతాల మధ్య సామరస్యం కలిగించి రావడానికి ఒక సద్భావనా బృందాన్ని పంపాలని నిశ్చయించారు. దానికి నాయకులు సుందర్‌లాల్ గారు. అప్పటికి ఆయనకు అరవై రెండేళ్ళు. అంటే మనమంతా పింఛను కాగితాలు సర్దుకుని ఇంట్లో కూర్చునే వయస్సు దాటిన మనిషి.

మూడవ కాగితం – హైదరాబాదు నివేదిక

ఆయన వెంట వచ్చిన ముఖ్యుడు ఖాజీ అబ్దుల్ గఫార్ గారు. హైదరాబాదులో పయామ్ అనే ఉర్దూ పత్రికను నడిపినవారు, పేరుమోసిన రచయిత. మౌలానా అబ్దుల్లా మిస్రీ గారు మరొక సభ్యులు. ఒక హిందువు, ఇద్దరు ముస్లింలు కలిసి, గాయం పచ్చిగా ఉన్న పల్లెల్లోకి వెళ్ళారు.

1948 నవంబరు 29న హైదరాబాదు చేరి, డిసెంబరు 21న ఢిల్లీకి తిరిగి వెళ్ళారు. ఆ మూడు వారాల్లో పదహారు జిల్లాలలో తొమ్మిదింటిని చూశారు. ఏడు జిల్లా కేంద్రాలు, 21 పట్టణాలు, 23 ముఖ్యమైన గ్రామాలు తిరిగారు. వెళ్ళలేకపోయిన మరో 109 గ్రామాల నుండి వచ్చిన అయిదు వందల మందికి పైగా జనాన్ని పలకరించి వివరాలు తీసుకున్నారు. 31 బహిరంగ సభల్లో, 27 ఆంతరంగిక సమావేశాల్లో మాట్లాడారు. క్యాంపు డ్యూటీలు చేసిన మిత్రులు ఈ అంకెలను ఒక్కసారి తూచి చూడండి. సరైన రోడ్లు లేని కాలం. వినవలసినవి మామూలు అర్జీలు కావు. బావిలోనుండి తీసిన శవాల సంగతులు.

లెక్క తేల్చే దగ్గర వారు ఎంతో జాగ్రత్త వహించారు. పోలీసు చర్య సమయంలోనూ ఆ తరువాతా సంస్థానం మొత్తం మీద, చాలా తగ్గించి వేసుకున్నా, 27 వేల నుండి 40 వేల దాకా ప్రాణాలు పోయాయని నిర్ధారణకు వచ్చారు. ఎక్కువ నష్టపోయిన జిల్లాలు ఎనిమిది. వాటిలోనూ ఉస్మానాబాదు, గుల్బర్గా, బీదరు, నాందేడు మరీ ఘోరం. ఆ నాలుగింటిలోనే 18 వేలకు తక్కువ కాకుండా చనిపోయారని వారి అంచనా. కాశిం రజ్వీ స్వస్థలమైన లాతూరు పట్టణంలో హత్యాకాండ ఇరవై రోజులకు పైగా సాగింది. పదివేలదాకా ఉన్న ముస్లింలలో మూడు వేలమందే వారికి అక్కడ కనిపించారు. వెయ్యిమందికి పైగా చనిపోగా, తక్కినవారు పారిపోయారు. హత్యలతో పాటు స్త్రీలను ఎత్తుకుపోవడం, ఇళ్ళు భూములు ఆక్రమించడం, బలవంతపు మతమార్పిళ్ళు, మసీదుల అపవిత్రత కూడా నివేదికకెక్కాయి.

నివేదిక గొప్పతనం అంకెలలో మాత్రమే లేదు. ఏ మాటనూ దాచకపోవడంలో ఉంది. ఆ నాలుగు జిల్లాలే అంతకుముందు రజాకార్ల బలమైన స్థావరాలనీ, అక్కడి హిందువులు రజాకార్ల చేతిలో అందరికంటే ఎక్కువ బాధపడ్డారనీ వారు స్పష్టంగా వ్రాశారు. అయితే ప్రతీకారం తీర్చుకున్నవారంతా ఆ బాధితులు కారనీ, సరిహద్దు అవతలి నుండి వచ్చిన ముఠాలు కూడా ఇందులో ఉన్నాయనీ కూడా వ్రాశారు. జనరల్ చౌధురి నిష్పక్షపాతాన్ని మెచ్చుకున్నారు. అదే చేత్తో, కొన్నిచోట్ల సైన్యానికి, స్థానిక పోలీసులకు చెందినవారు దోపిడీలోనూ అంతకు మించిన నేరాలలోనూ పాలుపంచుకున్నారని తిరుగులేని సాక్ష్యం తమకు దొరికిందని నమోదు చేశారు. పై అధికారిని మెచ్చుకుంటూ కింది తప్పును దాచకపోవడం, కింది తప్పును చెబుతూ పై అధికారిమీద లేనిపోని నింద వేయకపోవడం, రెండూ కష్టమైన పనులే.

మరొక సంగతి వారు మరచిపోలేదు. తమ ప్రాణాలకు తెగించి ముస్లిం ఇరుగుపొరుగును కాపాడిన హిందువుల విషయం కూడా నివేదికలో ఉంది. ముఖ్యంగా ఒకే వృత్తిలో ఉన్నవారి మధ్య ఈ బంధం గట్టిగా కనిపించింది. హిందూ సాలెవారు ముస్లిం సాలెవారిని కాపాడబోయి తామే దెబ్బలు తిన్న సందర్భాలున్నాయి. మగ్గం గుంత ముందు మతం నిలబడలేదు. మన జిల్లాలో గూగూడు కుళ్ళాయిస్వామి పీర్లకు అన్ని కులాలవారూ మొక్కుకోవడం, పెనుకొండ బాబయ్య దర్గాకు అందరూ వెళ్ళడం చూసి పెరిగిన మనకు ఇది వింతగా తోచదు.

నివేదికకు పట్టిన గతి

ఇంత కష్టపడి వ్రాసిన నివేదిక ఢిల్లీ చేరింది. అక్కడితో దాని ప్రయాణం ఆగిపోయింది. ప్రభుత్వం దానిని ప్రచురించలేదు. పార్లమెంటు ముందు పెట్టలేదు. సంస్థానాల శాఖను చూస్తున్న సర్దార్ పటేల్ గారికి ఆ నివేదిక రుచించలేదు. అప్పుడప్పుడే దేశవిభజన రక్తపాతం నుండి తేరుకుంటున్నాము, ఐక్యరాజ్యసమితిలో హైదరాబాదు విషయం నలుగుతున్నది, ఇటువంటి సమయంలో ఈ అంకెలు బయటపడితే మళ్ళీ మంటలు లేస్తాయని భావించినవారు ఉండవచ్చు. ఆ భయాన్ని పూర్తిగా కొట్టిపారేయలేము. అయితే కొన్నేళ్ళ తరువాతైనా, మంటలు చల్లారాకనైనా తీయవలసిన కాగితాన్ని తీయకపోవడానికి ఆ సమాధానం చాలదు.

చట్టం దృష్ట్యా కూడా ఒక లోపం ఉంది. సుందర్‌లాల్ బృందం విచారణ సంఘం కాదు. సద్భావనా బృందం. సాక్షులను పిలిపించే అధికారం లేదు, ప్రమాణం చేయించే అధికారం లేదు, రికార్డులు తెప్పించుకునే అధికారం లేదు. విచారణ సంఘాల చట్టం వచ్చిందే 1952లో. ఆ చట్టం కింద వేసిన సంఘం నివేదికను, దానిపై తీసుకున్న చర్యల పత్రంతో సహా, ఆరు నెలల్లో చట్టసభ ముందు పెట్టాలన్న నిబంధన 1971 సవరణతో చేరింది. సమాచార హక్కు 2005లో వచ్చింది. 1948లో ఇవేవీ లేవు. ఉన్నదల్లా ముగ్గురు మనుషుల మాటకున్న విలువ.

న్యాయం అసలు జరగలేదా అంటే, ఒక వైపు జరిగింది. కాశిం రజ్వీ మీద కేసులు నడిచాయి. బీబీనగర్ దోపిడీ కేసులో శిక్ష పడింది. 1957లో విడుదలై పాకిస్తాన్ వెళ్ళిపోయాడు. అది జరగవలసినదే. సెప్టెంబరు తరువాత జరిగిన హత్యలకు మాత్రం అటువంటి బహిరంగ విచారణ సంఘం ఏదీ ఏర్పడలేదు. త్రాసులో ఒక పళ్ళెం నిండి, రెండవది ఖాళీగా ఉండిపోయింది.

ఈ విషయం నాకు పుస్తకాల్లో కనబడకముందే ఒక మనిషి ద్వారా తెలిసింది. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో మాకు ఒక హెడ్‌గుమాస్తా గారుండేవారు. ముస్లిం పెద్దమనిషి, డ్రాఫ్టు వ్రాస్తే కలెక్టరు కూడా అక్షరం మార్చేవారు కారు. ఆయన తల్లిగారిది గుల్బర్గా వైపు ఒక పల్లె. పోలీసు చర్య తరువాత ఆమె చంటిబిడ్డతో రైలెక్కి గుంతకల్లు చేరారు. ఆమె తోబుట్టువులిద్దరు రాలేదు. మళ్ళీ ఎన్నడూ రాలేదు. వారి పేర ఉన్న కొద్దిపాటి చేను విషయమై తరువాతి కాలంలో ఆమె ఒక కార్యాలయానికి అర్జీ పెట్టుకుంటే, మరణ ధ్రువపత్రం జతపరచమని ఎండార్స్‌మెంటు ఇచ్చారు. చావుల రిజిస్టరులో ఎక్కని చావుకు ధ్రువపత్రం ఎక్కడిది? ఏడేళ్ళు ఆచూకీ లేనివారిని చనిపోయినట్లు భావించవచ్చునని సాక్ష్య చట్టంలో ఉన్నది గానీ, దానికి కోర్టుకెక్కాలి. తోబుట్టువులు చనిపోయారని తన నోటితో చెప్పి సంతకం పెట్టడానికి ఆ తల్లికి చేతులు రాలేదట. చేను పోయింది. హెడ్‌గుమాస్తా గారు ఈ సంగతి ఏ కోపం లేకుండా, ఫైలులో సారాంశం చదివినట్లు చెప్పారు. ఆయన ఇప్పుడు లేరు.

సుందర్‌లాల్ నివేదికలోని అంకెలు చూసినప్పుడు నాకు ఆ ఇద్దరే గుర్తుకు వచ్చారు. 27 వేలకూ 40 వేలకూ మధ్య తేడా 13 వేలు. ఆ పదమూడు వేలమంది లెక్కలో ఉన్నట్లూ కాదు, లేనట్లూ కాదు. మన కరవు జిల్లాలో పంటనష్టం జాబితాలు వ్రాసినవారికి ఈ బాధ అర్థమవుతుంది. జాబితాలో పేరుంటే ఆ రైతు నష్టపోయినట్లు. లేకపోతే వాని చేను ఎండినా ఎండనట్లే. మూడు వారాల్లో, ఏ అధికారమూ లేకుండా సుందర్‌లాల్ గారు చేయగలిగినది మొత్తం అంకె వేయడం. పేరు పేరునా జాబితా వ్రాయడం ప్రభుత్వం చేయవలసిన పని. ఆయన దారి చూపించారు. ఆ దారిన ఎవరూ నడవలేదు.

ఇతర దేశాల అనుభవం

మిత్రులు కొందరు అడగవచ్చు. మానిన గాయాన్ని గోకడమెందుకు, మరచిపోతే మంచిది కదా అని. ఈ ప్రశ్న అన్ని దేశాల్లోనూ వచ్చింది. దక్షిణాఫ్రికాలో వర్ణవివక్ష పాలన పోయాక సత్యము, సయోధ్యల కోసం ఒక సంఘాన్ని వేశారు. ఆర్చిబిషప్ డెస్మండ్ టూటూ గారు అధ్యక్షులు. 1996 నుండి ఊరూరా బహిరంగంగా బాధితుల గోడు విన్నారు. తెల్లవారి ప్రభుత్వ పోలీసులు చేసిన నేరాలతో పాటు, విముక్తి కోసం పోరాడిన సంస్థలు చేసిన తప్పులను కూడా వ్రాశారు. 1998లో నివేదికను అధ్యక్షుడు మండేలా చేతికిచ్చి అచ్చువేశారు. 1994లో ఘోరమైన జాతిహత్య జరిగిన రువాండాలో మన రచ్చబండ వంటి గచాచా అనే గ్రామ న్యాయస్థానాలను పునరుద్ధరించి 2012 దాకా నడిపారు. వాటిలోనూ లోపాలున్నాయి. అక్కడా శిక్ష తప్పించుకున్నవారున్నారు. అయినా జరిగినదానిని జరిగినట్లు నలుగురిముందు చెప్పుకోవడం వల్ల పగ పెరుగుతుందన్న మాట అంత నిజం కాదని ఆ దేశాలు చూపించాయి. చెప్పుకోని గాయం పుకారుగా మారుతుంది. పుకారులో అంకెలు పెరుగుతాయి, కాపాడినవారి పేర్లు మాయమవుతాయి, చంపినవారి మతం మాత్రమే మిగులుతుంది. సుందర్‌లాల్ నివేదిక ఆనాడే బయటపడి ఉంటే, రజాకార్ల పాపమూ, ఆ తరువాతి పాపమూ, సాలెవారి పుణ్యమూ మూడూ ఒకే కాగితం మీద జనం చదివి ఉండేవారు.

చివరి రోజులు

సుందర్‌లాల్ గారు ఆ తరువాత కూడా ఊరికే కూర్చోలేదు. గీతను, ఖురానును పక్కపక్కన పెట్టి వ్రాశారు. హిందీ ఉర్దూ కలిసిన సులభమైన హిందుస్తానీ భాష కోసం పాటుపడ్డారు. 1951లో చైనాకు వెళ్ళిన సుహృద్భావ బృందానికి నాయకత్వం వహించారు. ప్రపంచశాంతి ఉద్యమంలో పనిచేశారు. పదవి ఆశించలేదు. 1981 మే నెలలో తొంభై నాలుగేళ్ళ వయస్సులో కన్నుమూశారు. తాను వ్రాసిన మూడవ కాగితం అచ్చులో చూడకుండానే వెళ్ళిపోయారు.

నిజం నిలకడమీద తెలుస్తుందని మన పెద్దల సామెత. నివేదికలోని భాగాలు 1988లో ఒమర్ ఖాలిది గారు కూర్చిన పుస్తకం ద్వారా కొంత వెలుగుచూశాయి. 2013లో న్యాయవాది, రచయిత ఎ.జి. నూరానీ గారు హైదరాబాదు పతనం గురించి వ్రాసిన గ్రంథంలో పూర్తి పాఠం అచ్చయింది. ఢిల్లీలోని నెహ్రూ స్మారక గ్రంథాలయంలో పరిశోధకులు దానిని చూడగలిగారు. 1948 నుండి 2013కు అరవై అయిదేళ్ళు. ఆ అంకెలు ఎక్కువన్నవారున్నారు, తక్కువన్నవారున్నారు. చర్చ జరుగుతున్నది. జరగనివ్వండి. కాగితం ఉన్నది కనుకనే చర్చ ఉన్నది.

మన కార్యాలయాలలో టాటెన్‌హామ్ పద్ధతి ప్రకారం ఫైలు ముగించేటప్పుడు దానిమీద ఒక గుర్తు వేసేవాళ్ళం. ఎల్.డిస్. వేస్తే కొద్దికాలానికి తగలబెట్టవచ్చు. ఆర్.డిస్. వేస్తే ఎన్నటికీ ఉంచాలి. ఏ ఫైలుకు ఏ గుర్తు అన్నది తరచుగా మనవంటి చిన్న ఉద్యోగుల చేతిలోనే ఉండేది. సుందర్‌లాల్ గారి నివేదిక ప్రతిని ఎవరో ఒకరు ఏదో ఒక గదిలో చెదలు పట్టకుండా, తగలబెట్టకుండా ఉంచారు. ఆ ఉద్యోగి పేరు ఏ చరిత్రలోనూ ఉండదు. జరగని న్యాయానికి కనీసం సాక్ష్యం మిగలడంలో వారికీ భాగముంది.

మన సంఘంలోని సోదర సోదరీమణులకు నా మనవి ఒక్కటే. మీ ఊళ్ళో, మీరు పనిచేసిన చోట జరిగిన మంచిచెడ్డలు, మతకలహాలు కానివ్వండి, కులాల కొట్లాటలు కానివ్వండి, ఫ్యాక్షను హత్యలు కానివ్వండి, మీకు తెలిసినంతవరకు నిష్పక్షపాతంగా వ్రాసిపెట్టండి. మనవారు చేసిన తప్పు ముందు వ్రాయండి, ఎదుటివారు చేసిన మంచి మరవకండి. ఒక్క ప్రతితో ఆపకండి. పండిత సుందర్‌లాల్ గారి స్మృతికి మనవంటివారు అర్పించగల నివాళి అదే.